గుమ్మడి పూవులు: కోయవలసినవి, విడువవలసినవి

భాద్రపద అమావాస్య సమీపించినంతనే మన నల్లగొండ, పాలమూరు సీమల పల్లెలందు తెల్లవాఱకమునుపే పిల్లలు బుట్టలు చేతబట్టుకొని బయలుదేఱుదురు. తంగేడుకై గుట్టలకును, గునుగుకై చేనుగట్లకును, గుమ్మడిపువ్వుకై ఇరుగుపొరుగువారి పెరళ్లకును పోవుదురు. బతుకమ్మను పేర్చునపుడు గుమ్మడిపువ్వునకు గల గౌరవము మన స్త్రీలందఱును ఎఱిగినదే. 2014లో ప్రభుత్వమువారు ఈ పండుగను తెలంగాణ రాష్ట్ర పండుగగ ప్రకటించిన పిమ్మట దాని వైభవము మఱింత హెచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని తంగేడును గునుగును బయట తమంతట తాము పూచునవి; ఎవరు కోసినను ఒకరి కంచములోని కూడు తఱుగదు. గుమ్మడిపువ్వు అట్టిది కాదు. అది ఒక ఇల్లాలు పాదుచేసి, నీరుపోసి, పెంచిన తీగెకు పూచినది. దాని వెనుక కాయ యున్నది. ఈ సంగతిని గూర్చియే యీ మాసమున సంఘ సభ్యులతో కొంత ముచ్చటింపదలచితిమి.

గుమ్మడిపువ్వు విషయమున మన పల్లెలలో రెండు విధములైన పొరపాట్లు కానవచ్చుచున్నవి. పండుగ దినములందు చేతికందిన పువ్వునెల్ల తెంపివేయుట యొకటి. తక్కిన దినములందు, పువ్వు ముట్టినచో కాయ పోవునను భయముచే, తినదగిన పూవులను తీగెమీదనే వాడిపోనిచ్చుట రెండవది. మొదటి దానివలన కాయ పోవుచున్నది. రెండవ దానివలన కూర పోవుచున్నది. గుమ్మడిపువ్వు కోయదగినదే, వండదగినదే యని మా దృఢాభిప్రాయము. అయితే ఆ కోతకొక మర్యాద కలదు. దానిని ప్రతి ఇల్లును, ముఖ్యముగ పిల్లలును, నేర్చుకొనవలెను.

గుమ్మడి తీగెకు మగపూవులు వేఱు, ఆడపూవులు వేఱు. మగపువ్వు సన్నని పొడుగాటి కాడమీద నిలిచియుండును; దాని నడుమ పుప్పొడితో నిండిన యొక్క పసుపుపచ్చని కంబము మాత్రమే యుండును. ఆడపువ్వు కాడ పొట్టిది, లావైనది; పువ్వు క్రింద నిమ్మకాయంతటి చిన్న పిందె అప్పటికే కనబడును; లోపల మూడు పాయలుగ చీలిన జిగురు మొగ్గ యుండును. ఈ భేదము తెలియుటకు చదువు అక్కఱలేదు. పువ్వు మెడ క్రింద వ్రేలు పెట్టి చూచినచో చాలును. పిందె తగిలినచో ఆడది, తగులనిచో మగది.

విత్తిన 40, 45 దినములకు తీగె పూతకు వచ్చును. మొదట కొన్నాళ్లు మగపూవులే పూచును. ఆడపూవులు తరువాత వచ్చును. మొత్తముమీద ఒక్క ఆడపువ్వునకు పది, అంతకు మించియు మగపూవులు పూచుట సామాన్యము. ఈ సంగతి తెలియక మనవారు కొందఱు “తీగె గొడ్డుపోయినది, పూత యున్నది గాని పిందె లేదు” అని తొందరపడి పెఱికివేయుచున్నారు. మగపూవులు ముందు వచ్చుట గొడ్డుతనము కాదు. అది తీగె నడవడియే. వారము, పది దినములు ఓర్చిన పిందె తానే వచ్చును. పశువుల పెంటను మితిమీఱి వేసిన పాదులందును, ఎండ మిక్కుటమైన దినములందును, మగపూవుల సంఖ్య మఱింత హెచ్చును. తీగె 2 మొదలు 4 ఆకులు వేసిన దశయందు లీటరు నీటికి 3, 4 గ్రాముల బోరాక్సును కలిపి ఆకులపై చల్లినచో ఆడపూవులు హెచ్చునని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి సలహా.

ఇక గుమ్మడిపువ్వు ఆయుష్షు ఒక్క పూట మాత్రమే. తెల్లవాఱుజామున విచ్చును, మధ్యాహ్నమునకు ముడుచుకొనును, మఱునాడు తిరిగి విచ్చదు. ఆ నాలుగైదు గంటలలో మగపువ్వునందలి పుప్పొడి ఆడపువ్వును చేరవలెను. ఆ పుప్పొడి బరువైనది, జిగురైనది, గాలికి ఎగిరిపోదు. తేనెటీగలును తుమ్మెదలును మోసికొని పోవలెను. అది యొకమాఱు వాలుట చాలదు, పలుమాఱులు వాలవలెను. సొరపువ్వును బీరపువ్వును సాయంకాలమున విచ్చునవి గనుక వాని లెక్క వేఱు. గుమ్మడికి మాత్రము ఉదయమే సర్వస్వము.

మగపువ్వును కోసిన నష్టము లేదను మాట పుస్తకములందు కలదు. అది సగము నిజము. తక్కిన సగమును మేము అనుభవముచే నేర్చుకొంటిమి. పది పండ్రెండేండ్ల క్రిందట దేవరకొండ ప్రాంతమున నొక పల్లెలో పెరటి కూరల వంటను గూర్చి ప్రదర్శన చేసితిమి. ఒక వృద్ధురాలు తన గుడిసె కప్పుమీదికి ప్రాకించిన రెండు గుమ్మడి తీగెలను చూపి, కావలసినన్ని పూవులు కోసికొనుడనెను. ఆ యుదయమున విచ్చిన మగపూవులలో ఒక్కటియు విడువక కోయించితిమి. మఱి రెండు దినములు పొరుగు పల్లెల ప్రదర్శనలకును అట్లే చేసితిమి. పూవుల బజ్జీలను అందఱును మెచ్చుకొనిరి. వారము దాటిన పిమ్మట ఆ త్రోవను పోవుచుండగా ఆమె మమ్ము పిలిచి, పసుపుబాఱి రాలిన ఐదు పిందెలను చూపినది. పండుఈగ పని యని మేము మొదట చెప్పితిమి. ఒక పిందెను కోసి చూడగా పురుగు లేదు, విత్తనము కట్టలేదు. ఆ మూడు దినములును అక్కడి ఆడపూవులకు పుప్పొడి దొఱకలేదు. దాపున వేఱొక గుమ్మడి తీగెయు లేదు. “సారూ, పువ్వులు మీరు తింటిరి, పిందెలు నాకు లేకపాయె” అని ఆమె అన్నది. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను. మేమిచ్చిన క్రొత్త విత్తనములు మఱుసటి యేటికి గాని కాయవు. ఆమెకు కూర కావలసినది ఆ యేడు.

కావున మేమిప్పుడు చెప్పు మర్యాద యిది. ఆ దినమున ఎన్ని ఆడపూవులు విచ్చినవో మొదట లెక్కించవలెను. అన్ని మగపూవులను, ఎంత తక్కువయైనను మూడింటిని, తీగెపై విడిచి తక్కినవానినే కోయవలెను. తేనెటీగలు కానరాని చోట, ఒక మగపువ్వును కోసి, దాని రేకులను తొలగించి, ఆ కంబమును ఆడపువ్వు నడుమ మెల్లగ అద్దవలెను. ఒక్క మగపువ్వుతో రెండు మూడు ఆడపూవులకు అద్దవచ్చును. ఈ పనిని ఎనిమిది గంటలలోపల ముగింపవలెను. పూజకు కావలసిన పువ్వు తెల్లవాఱుజామున కోయక తప్పదు గాని, వంటకు కావలసిన దానిని తొమ్మిది గంటలకు కోసినచో ఇంకను మేలు; అప్పటికి ఈగలు తమ పనిని చాలవఱకు ముగించియుండును, పువ్వు ఇంకను వాడియుండదు. కోయునపుడు తీగెను లాగరాదు. రెండు వ్రేళ్ల వెడల్పు కాడను విడిచి గోటితో గాని కత్తితో గాని త్రుంపవలెను. ఆడపువ్వును ఎన్నడును కోయరాదా యనినచో, ఒక్క యెడ కోయవచ్చును. మృగశిర కార్తెలో విత్తిన తీగె బతుకమ్మనాటికి మూడు నెలలు దాటియుండును. అప్పటికి తీగెమీద కాయలు నిండియుండి, వానలు వెనుకబట్టినచో, క్రొత్తగ వచ్చు పిందెలు ముదురుట కష్టము. అట్టివానిని పువ్వుతో గూడ లేతకూరగ కోసికొనవచ్చును. ఈ నిర్ణయము తీగె గల యిల్లాలిదే గాని దారిని పోవువారిది కాదు.

పిందెను వ్రేలితో చూపినచో కుళ్లిపోవునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటను మేము అపహసింపము. పిందె జోలికి పోవలదని పిల్లలకు చెప్పుటకు అది మంచి ఉపాయమే. కాని రాలిన ప్రతి పిందెకును ఇరుగుపొరుగువారి వ్రేలిని, చూపును నిందించుట న్యాయము గాదు. పిందె రెండు కారణములచే ముఖ్యముగ పోవుచున్నది. పుప్పొడి అందనిచో పసుపుబాఱి, ముడుచుకొని రాలును. కోసి చూడగా లోపల పురుగుండదు. పండుఈగ గ్రుడ్లు పెట్టినచో చిన్న గాటు కనబడి, మెత్తబడి, కుళ్లును. లోపల తెల్లని పురుగులు మెదలుచుండును. మొదటిదానికి మందు ఉదయపు చేతిసాయము. రెండవదానికి మందు, కుళ్లిన పిందెలను ఏరి లోతుగ పాతిపెట్టుట. ఒక్క యిల్లు పాతిపెట్టి, ప్రక్క యిల్లు పెంటకుప్పపై పాఱవేసినచో ఈగ తగ్గదు. ఇందును సహకారమే కావలెను.

“గుమ్మడిపువ్వును తినుటేమి?” అని కొందఱు నవ్వుదురు. బంగాళ దేశమునను, ఒడిశాలోను ఇది ప్రతి యింటి వంటకము. అక్కడి సంతలలో ఉదయముననే పూవులను కట్టలు కట్టి అమ్ముదురు. మన సీమలోని ఇటుక బట్టీలకు ఒడిశానుండి వచ్చు కూలీల కుటుంబములు గుమ్మడి తీగెను చూచినంతనే పూవులను అడుగుట మేము స్వయముగ చూచినాము. మనవారు నవ్విరి; వారు ఆ సాయంకాలము బియ్యపుపిండిలో ముంచి వేచికొని తినిరి. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టుటకు దేశమంతట తిరిగినవారే. పరదేశములో పరుల తిండిని చూచి నేర్చుకొనుట మనకు క్రొత్త కాదు. గుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండము. మెక్సికో దేశమున దీని జాతిని వేలయేండ్లనుండి సాగుచేయుచున్నారు. నేటికిని అక్కడివారు పూవులను మొక్కజొన్న రొట్టెలలో పెట్టి కాల్చుకొని తినుచున్నారు. 1492 తరువాత ఓడలపై మిరపవలెనే ఇదియు మన దేశమునకు వచ్చినది. మన పూర్వులు కూష్మాండమని పిలిచినది బూడిద గుమ్మడి. పరదేశపు కాయ మన పులుసులోనికి, పరదేశపు పువ్వు మన బతుకమ్మపైకి వచ్చి చేరగా లేని సంకోచము, అదే పువ్వు కంచములోనికి వచ్చుటకేల?

వండు విధము సులభము. పువ్వు లోపల చీమలుగాని ఈగలుగాని చిక్కుకొని యున్నవేమో విప్పి చూడవలెను. నడిమి కంబమును, క్రింది నూగుగల పచ్చని ముండ్ల వంటి రెక్కలను తీసివేసి, నీటిలో ఒక్కమాఱు ముంచి తీయవలెను, నానబెట్టరాదు. శనగపిండిలో కొంత బియ్యపుపిండి, ఉప్పు, కారము, పసుపు కలిపి ముంచి వేచినచో బజ్జీలగును. నూనె ఖర్చు వలదనువారు తరిగి పెసరపప్పులో దింపునపుడు వేయవచ్చును. లేదా ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో వేయించి జొన్నరొట్టెతో తినవచ్చును. వెంటనే వండుటకు వీలులేనిచో తడిగుడ్డలో చుట్టి నీడను ఉంచవలెను. ఐనను ఆ దినమే వాడవలెను. చేదుగ తోచిన పువ్వునుగాని కాయనుగాని పాఱవేయవలెను. గుమ్మడి, సొర జాతులలో చేదు విషలక్షణము.

ఈ పువ్వు కడుపు నింపునని మేము చెప్పము. అందు నూటికి 90 వంతులకు మించి నీరే. ఐనను కంటికి మేలుచేయు పసుపు పదార్థమును, కొంత సున్నపు ధాతువును ఇందు కలవు. వానకాలమున కూర ధర మండిపోవు దినములందు, పైస ఖర్చు లేక ఇంటివెనుక దొఱకు కూర ఇది. “బీదవాని తిండి” యని దీనిని తక్కువ చేయువారికి మా ప్రత్యుత్తరమొక్కటే. బజారునుండి వాడిన కూరను అప్పుచేసి తెచ్చుకొనుటకంటె పెరటిలోని తాజా కూరను తినుట ఎవరికిని తక్కువదనము కాదు.

మఱికొందఱు సభ్యులు వీనిని పట్టణమునకు అమ్మినచో లాభము గదా యని యడుగుచున్నారు. మేమందుకు తొందరపడవలదందుము. మధ్యాహ్నమునకే వాడు సరకు ఇది. దూరపు బజారు దీనికి పనికిరాదు. అంతకంటె ముఖ్యముగ, అమ్మకము మొదలైనచో ఆ మూడు మగపూవులను తీగెపై ఎవరు విడుతురు? మొదట ఇంటికి, పిదప ఇరుగుపొరుగునకు, పండుగ దినములందు దాపున గల పట్టణమునకు. ఈ వరుస తప్పకుండినచో మంచిది. పంట కోయువాడు చేని మూలలను బీదల కొఱకు విడువవలెనని మేము బాల్యమున చదివిన పాత ధర్మశాస్త్రమున నొక యాజ్ఞ కలదు. తీగెపై విడిచిన మగపువ్వు తేనెటీగ పాలు. ఆ పాలు ఇచ్చినవానికే కాయ.

ఇక్కడ నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. మన జిల్లాలు, 2016లోను ఆ పిమ్మటను పలు జిల్లాలుగ విడివడినను, నేటికిని ప్రత్తికి ప్రసిద్ధములు. ప్రత్తిచేను గట్టున గుమ్మడిని పెట్టువారు పెక్కుమంది కలరు. ప్రత్తిపై చల్లిన మందు ఆ పువ్వులోనికి నేరుగ పోవును. పువ్వు గిన్నెవలె విచ్చియుండును గదా. అట్టి తీగె పువ్వును తినరాదు, పిల్లలచే కోయింపరాదు, దేవతకును పెట్టరాదు. మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడుటను ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ఐనను ప్రత్తికై తెచ్చిన డబ్బాలో మిగిలిన మందును పెరటి తీగెపై చల్లుట మేము చూచుచున్నాము. ఇది తన బిడ్డ కంచములో తానే విషము చల్లుట. ఉదయమున మందు చల్లుటవలన తేనెటీగలు చచ్చును. ఈగలు చచ్చినచోట కాయ కట్టదు. చల్లక తప్పని చేనిపై సాయంకాలమున చల్లవలెను. పెరటిలో ఎఱ్ఱ పెంకుపురుగు పడినచో ఉదయపు మంచు ఆఱకముందు పురుగులను ఏరివేసి, ఆకులపై కట్టెల బూడిద చల్లుట చాలును. తీగజాతి కూరలపై గంధకపు పొడిని చల్లరాదు, ఆకులు మాడిపోవును.

ఏటికి సుమారు 600 మొదలు 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు చెల్క నేలలు మనవి. ఐనను గుమ్మడికి పెద్ద నీరు అక్కఱలేదు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో, అనగా జూన్ రెండవ వారము మొదలు జూలై మొదటివఱకు, మూరెడు లోతు గుంట త్రవ్వి, మాగిన పెంట నింపి, నాలుగు గింజలు నాటి, మంచి మొక్కలు రెంటిని నిలుపవలెను. పాత్రలు కడిగిన నీరు చాలును. గుడిసె కప్పు, కంప, పందిరి ఏదైనను తీగెకు ఆధారమే. ఒక్క తీగెకంటె రెండు మూడు తీగెలు మేలు. అప్పుడు మగపూవులకు కొఱత యుండదు, కూరకును మిగులును. నాటు విత్తనము లేనివారు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క చందన్ రకమును వేయవచ్చును. దీని విత్తనమును మఱల దాచుకొనవచ్చును. విత్తనమునకై ఉంచు కాయకు మాత్రము, విచ్చబోవు మగ, ఆడ మొగ్గలను ముందునాటి సాయంకాలమే దారముతో కట్టి, మఱునాడు చేతితో అద్ది, మరల కట్టివేయవలెను. లేనిచో ఈగలు ఇతర రకముల పుప్పొడిని తెచ్చి జాతిని కలగాపులగము చేయును. సందేహములున్నవారు కంపాసాగరము, గడ్డిపల్లి, పాలెము, మదనాపురములందలి కృషి విజ్ఞాన కేంద్రములలో విచారింపవచ్చును.

సహకార సంఘములు అప్పులకును, ఎరువుల బస్తాలకును మాత్రమే యున్నవను భావము మన సభ్యులలో పాతుకొనినది. మా మనవి యేమనగా, ప్రతి సంఘమును ఈ యేడు మూడు చిన్నపనులు చేయవలెను. మంచి నాటు గుమ్మడి విత్తనమును సభ్యురాండ్రవద్దనుండి సేకరించి, ఆరబెట్టి, జూన్ నెలకు ముందే పంచవలెను. మహిళా సంఘముల సమావేశమునను, పాఠశాలలోను, ఆడ మగ పూవుల భేదమును తీగె దగ్గఱనే చూపవలెను. పెరటిపువ్వును అడిగి కోయవలెనే గాని అడుగక కోయరాదను కట్టుబాటును బతుకమ్మకు ముందు గ్రామమున చాటింపవలెను. అడిగినచో లేదను తల్లి మన పల్లెలలో అరుదు. తీగె గల యిల్లాలు తానే తెల్లవాఱి మగపూవులను ఎంచి పిల్లల బుట్టలలో వేయును.

ఆ వృద్ధురాలి గుడిసెమీద మఱుసటి యేడు తీగె మరల ప్రాకినది. మేము వెళ్లినప్పుడు ఆమె నాలుగు పూవులను తానే కోసి మా చేతిలో పెట్టి, “ఇవి మీకు సారూ, గవి ఈగలకు” అని తీగెపై మిగిలిన మూడింటిని చూపినది. మేము యిన్నేండ్లుగ చెప్పుచున్న పాఠమంతయు ఆ మాటలో నున్నది. సోదర సభ్యులారా, ఈ వానకాలమున మీ పెరటిలో రెండు గింజలు వేయుడు, పూవులు లెక్కించి కోయుడు, లెక్కించి విడువుడు.